పేరు మారినా దారి ఉండాలి

రాయపూర్ నుంచి దుర్గ్ వైపు వెళ్లే రైలుకి భిలాయి పేరుతో వరసగా మూడు స్టేషన్లు తగులుతాయి. మొదటిది వట్టి భిలాయి, రెండోది భిలాయి పవర్ హౌస్, మూడోది భిలాయి నగర్. మొదటిదే అసలు ఊరనుకుని దిగినవాళ్లు చరోదాలో, జనం భిలాయి మూడు అని పిలిచే చోట తేలతారు. ఉక్కు కర్మాగారం, దాని టౌన్‌షిప్, పవర్ హౌస్ బజారు ఇంకా ముందుకు ఉన్నాయి. ‘భిలాయి స్టేషన్లో దిగండి’ అని ఉత్తరంలో రాసిన మనిషికి తను ఏ స్టేషన్ గురించి రాస్తున్నాడో తెలుసు, చదివే మనిషికి తెలియదు. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో లింకులు సరిచేసేవాళ్లు రోజూ ఎదుర్కొనే చిక్కు సరిగ్గా ఇదే. ఒకే పేజీకి నాలుగు రకాల చిరునామాలు ఉంటాయి, ఒకే పేరుతో రెండు పేజీలు ఉంటాయి, చోటు మారిన పేజీకి పాత చిరునామానే పుస్తకమంతటా మిగిలి ఉంటుంది. దీన్ని కంప్యూటర్లతో పుట్టిన సమస్యగా చూడటం మనకు అలవాటైంది. నిజానికి రైల్వేలు, గెజిటీర్లు, రహదారుల శాఖ, ఉక్కు ప్రమాణాలు రాసే సంస్థ అంతకు చాలా ముందునుంచే ఈ పనిలో ఉన్నాయి. కొందరు బాగా చేశారు, కొందరు చెడగొట్టారు. ఆ చరిత్రను దగ్గరగా చూస్తే నాకు తేలింది ఒకటే. లింకులన్నీ ఒకే తీరుగా కనబడేలా దిద్దడం అసలు పని కాదు. పాత పేరు పట్టుకుని వచ్చినవాడు కూడా చేరాల్సిన చోటికి చేరేలా చూడటం అసలు పని. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే దిద్దుబాటు పేరుతో నష్టం జరుగుతోంది.

భిలాయి చరిత్రే ఒక పేరు మీద ఎంత బరువు పడగలదో చూపిస్తుంది. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగపూర్ రైల్వే, అంతకుముందే నాగపూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా వేసి ఉన్న మీటర్ గేజి దారిని బ్రాడ్ గేజికి మార్చి తూర్పుకి పొడిగించింది. అప్పటికి భిలాయి ఒక పల్లె. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు అనే లెక్కతో మొదలైన కర్మాగారం పల్లె పేరునే తీసుకుంది. టౌన్‌షిప్ కూడా ఆ పేరునే తీసుకుంది. పాత స్టేషన్‌కి ఆ పేరు ముందే ఉంది. అందుకే తరవాత వచ్చినవాటికి తోకలు తగిలించక తప్పలేదు. టౌన్‌షిప్‌ను సెక్టార్ల నంబర్లతో గుర్తించారు, నిర్మాణ కార్మికుల గుడిసెలు క్యాంప్ 1, క్యాంప్ 2 అయ్యాయి, విద్యుత్ కేంద్రం పేరు బజారుకీ స్టేషన్‌కీ అంటుకుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ‘పవర్ హౌస్’ అంటే చాలు, ముందు భిలాయి అని చెప్పుకోనక్కరలేదు. ఊళ్లోవాళ్ల మధ్య అది చక్కగా పనిచేస్తుంది. కానీ అదే మాట పార్వతీపురంలో అంటే కరెంటు ఆఫీసు అనుకుంటారు. పేరు అనేది వినేవాడు ఎక్కడున్నాడో దాన్నిబట్టి పనిచేసే వస్తువు. డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు ‘పైన చెప్పిన పేజీ’, ‘సెట్టింగుల విభాగం’ అని రాసినప్పుడు ఈ సంగతే మరిచిపోతారు.

రైల్వేలు దీనికి కనిపెట్టిన ఉపాయం స్టేషన్ కోడ్. భిలాయిది బీఐఏ, పవర్ హౌస్‌ది బీపీహెచ్‌బీ, భిలాయి నగర్‌ది బీక్యూఆర్. బోర్డు మీద పేరు మనుషుల కోసం, కోడ్ టికెట్ కోసం. ఈ రెంటినీ విడదీయడం వల్ల ఎంత మేలు జరిగిందో చూడాలంటే భిలాయి తెలుగువాళ్లు సొంతూరికి వెళ్లే దారినే చూడవచ్చు. రాయపూర్ నుంచి టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరే ఆ లైను 1931లో పూర్తయింది. విజయనగరంలో మెయిన్ లైనెక్కి పైకి వెళితే శ్రీకాకుళం రోడ్ వస్తుంది. స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. దాని కోడ్ సీహెచ్‌ఈ. ఆ మూడక్షరాలు చికకోల్ అనే ఇంగ్లిషు వాళ్ల నాటి పేరులోవి. ఆ పేరు బోర్డు మీంచి పోయి ఎన్నో ఏళ్లయింది, కోడ్ మాత్రం చెక్కుచెదరలేదు. విజయవాడ కోడ్ బీజెడ్‌ఏలో బెజవాడ ఉంది. కాకినాడ పోర్ట్ సీఓఏలో కోకనాడ ఉంది. ఏలూరు ఈఈలో ఎల్లోర్, మచిలీపట్నం ఎంటీఎంలో మసులిపటం ఉన్నాయి. కడపకి ఇంగ్లిషు స్పెల్లింగు 2005లో అధికారికంగా మారినా హెచ్‌ఎక్స్ అనే కోడ్ మారలేదు. ఊరి పేరు మారినా పాత రిజర్వేషన్ పట్టిక, పాత సరుకు రసీదు, పాత టైమ్ టేబుల్ ఇప్పటికీ సరైన స్టేషన్‌నే చూపిస్తాయంటే కారణం అదే. బోర్డు మార్చారు, గుర్తింపును ముట్టుకోలేదు.

ఈ ఆలోచనకి ఇంకా పాత మూలం ఒకటుంది. ఇంగ్లిషు కాగితాల్లో మన ఊళ్ల పేర్లు ఎవరి చెవికి ఎలా వినబడితే అలా రాసిన కాలంలో, ఒకే ఊరు ఒక్కో దస్తావేజులో ఒక్కోలా ఉండేది. విలియం జోన్స్ 1788లోనే లిప్యంతరీకరణ పద్ధతి ఒకటి ప్రతిపాదించాడు. దాన్ని దేశమంతటా ఆచరణలోకి తెచ్చింది విలియం విల్సన్ హంటర్. ఆయన సంపాదకత్వంలో ఇంపీరియల్ గెజిటీర్ మొదటి కూర్పు 1881లో తొమ్మిది సంపుటాలుగా వచ్చింది. హంటర్ దగ్గర నేర్చుకోవాల్సింది ఆయన నియమాల కంటే వాటికి ఆయన ఒప్పుకున్న మినహాయింపులు. కలకత్తా, బొంబాయి లాంటి పేర్లు ఆయన పద్ధతి ప్రకారం తప్పు స్పెల్లింగులే. కానీ అవి అప్పటికే లక్షల కాగితాల్లో స్థిరపడిపోయాయి. వాటిని దిద్దితే ఆ కాగితాలన్నిటికీ కొత్త గెజిటీర్‌కీ మధ్య తెగిపోతుంది. అందుకని అలవాటైన పేర్లను వదిలేసి మిగిలినవాటిని క్రమబద్ధం చేశాడు. పండితులకు ఇది రాజీలా కనిపించింది. ఒక్క నియమమూ నిక్కచ్చిగా నిలవలేదన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. భిలాయికి పక్కనున్న దుర్గ్‌నే తీసుకుంటే, 1906లో జిల్లాగా ఏర్పడ్డాక కూడా ఇంగ్లిషు రికార్డుల్లో అది ‘డ్రగ్’ అని చదవాల్సిన స్పెల్లింగుతోనే చాలాకాలం నడిచింది. అలాంటివి మిగిలిపోవడం హంటర్ పద్ధతికి లోటే. అయినా ఆయన ప్రాధాన్యం సరైనదని నా నమ్మకం. కాగితాన్ని వెతుక్కునేవాడికి అందంగా కుదిరిన అక్షరాల కంటే తెగని సంబంధం ముఖ్యం.

గుర్తింపునే మార్చేసిన సందర్భాలూ రైల్వేల్లో ఉన్నాయి. 2018లో మొఘల్ సరాయ్ జంక్షన్‌ని పండిత్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ చేసినప్పుడు ఎంజీఎస్ పోయి డీడీయూ వచ్చింది. 2020లో అలహాబాద్ జంక్షన్ ప్రయాగ్‌రాజ్ అయినప్పుడు కోడ్ కూడా మారింది. పేరు మార్చడం మంచిదా కాదా అన్న వాదన వేరు, అందులోకి ఇక్కడ వెళ్లను. పేరు మార్చడానికి కోడ్ మార్చనక్కరలేదని బెజవాడ, చికకోల్ అప్పటికే నిరూపించి ఉన్నాయి. కోడ్ మార్చినప్పుడు పోయేది పాత పేరు గౌరవం కాదు. ఎంజీఎస్ అని అచ్చయిన పుస్తకం, రాసిపెట్టుకున్న లెక్క, నడుస్తున్న ప్రోగ్రాం, ఇవన్నీ ఒక్క రోజులో పాతబడతాయి. అయితే అక్కడ కూడా ఒక మేలు మిగిలింది. కొత్త కోడ్ కొత్తదే, ఇంకో స్టేషన్ దగ్గర్నుంచి లాక్కున్నది కాదు.

జాతీయ రహదారుల విషయంలో ఆ మేలు కూడా లేకపోయింది. పవర్ హౌస్‌ని ఒరుసుకుని పోయే రోడ్డుని స్థానికులు జీఈ రోడ్ అంటారు, గ్రేట్ ఈస్టర్న్ రోడ్ అని. 2010 దాకా ప్రభుత్వ లెక్కలో అది జాతీయ రహదారి 6, గుజరాత్‌లోని హజీరా నుంచి కోల్‌కతా దాకా. 2010లో కేంద్రం రహదారులన్నిటికీ కొత్త నంబర్లు ఇచ్చింది. వెనక ఉన్న ఆలోచన చక్కటిది. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకి, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతూ పోయేలా. పటం మీద చూస్తే ఇంతకంటే క్రమబద్ధమైనది ఉండదు. జీఈ రోడ్ 53 అయింది. మద్రాసు నుంచి విజయవాడ, విశాఖల మీదుగా వచ్చే 5వ నంబరు రోడ్డు 16 అయింది. హైదరాబాద్ విజయవాడల మధ్య 9వ నంబరు 65 అయింది. హైదరాబాద్, కర్నూలు మీదుగా బెంగుళూరు వెళ్లే 7వ నంబరు 44 అయింది. అంతవరకైతే అది పేరు మార్పు, జనం సర్దుకుంటారు. కానీ ఖాళీ అయిన పాత నంబర్లని పక్కన పెట్టలేదు, వేరే రోడ్లకి ఇచ్చేశారు. ఇప్పుడు 5 అంటే పంజాబ్ నుంచి సిమ్లా మీదుగా షిప్‌కీ లా వైపు వెళ్లే కొండదారి. 6 అంటే మేఘాలయలోని షిల్లాంగ్ మీదుగా మిజోరం వెళ్లేది. 7 అంటే బదరీనాథ్ వైపు పోయేది. 2008 నాటి తెలుగు పత్రికలో ‘9వ జాతీయ రహదారిపై ప్రమాదం’ అని చదివి, ఇప్పటి పటంలో 9 కోసం వెతికితే కుమావూ కొండల్లోని పిథోరాగఢ్ వైపు తీసుకుపోతుంది. తెగిన లింకు కనీసం తను తెగానని చెబుతుంది. తిరిగి వాడిన నంబరు మనల్ని వేరే చోటికి తీసుకుపోయి, చేరామనే నమ్మకం కలిగిస్తుంది. డాక్యుమెంటేషన్ పనిలో ఇంతకంటే చెడ్డ తప్పు లేదు.

ఇదే ఉదాహరణలో ఇంకో పాఠం ఉంది. పాత 6కి బదులు అంతటా 53 అని మార్చేస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది, కంప్యూటర్లో అదొక్క నిమిషం పని. కానీ 53 కోల్‌కతాకి పోదు, ఒడిశాలోని పారాదీప్‌కి పోతుంది. పాత 6లోని ఖరగ్‌పూర్, కోల్‌కతాల మధ్య ముక్క ఇప్పుడు 16లో కలిసింది. పాత 5 ఒడిశాలో ఆగేది, కొత్త 16 కోల్‌కతా దాకా పోతుంది. ఒక పాత పేజీ పలు కొత్త పేజీలుగా విడిపోయినప్పుడు ప్రతి లింకునూ దాని చుట్టూ ఉన్న వాక్యం చదివి మాత్రమే దిద్దాలి. ఒక్క మీటతో అన్నీ మార్చినవాడు పాత తప్పుల్ని తీసేసి, కంటికి కనబడని కొత్త తప్పుల్ని పెడతాడు. ఈ గందరగోళం మధ్య పవర్ హౌస్ జనం మాత్రం ఏ నంబరూ పట్టించుకోకుండా జీఈ రోడ్ అనే మాటే వాడుతున్నారు. రెండు ప్రభుత్వ నంబర్లను దాటి నిలిచింది ఆ పాత పేరే.

ఉక్కు సంగతికి వస్తే, భిలాయి చేసే ప్లేట్లు, దిమ్మెలు ఏ గుణంతో ఉండాలో చెప్పే ప్రమాణాల్లో ఇదే కథ కాస్త మెరుగ్గా నడిచింది. కర్మాగారం కట్టే రోజుల్లో మామూలు నిర్మాణపు ఉక్కుకి ఐఎస్ 226 అనే ప్రమాణం ఉండేది. తరవాత దాన్ని ఐఎస్ 2062లో కలిపేశారు. ఆ 2062లోనూ ఒకప్పటి ఎఫ్ఈ 410 అనే గ్రేడు పేరు ఇప్పుడు ఇ 250 అయింది. పాత వంతెనల, షెడ్ల డ్రాయింగుల్లో 226 అనే ఉంటుంది. రిపేరు కోసం ఆ డ్రాయింగు తీసిన ఇంజనీరు మార్కెట్లో 226 అడిగితే దొరకదు. కానీ రహదారుల్లో జరిగింది ఇక్కడ జరగలేదు. 226 అనే అంకె ఇంకో వస్తువుకి పోలేదు. పైగా ప్రమాణం నంబరు పక్కన ఎప్పుడూ సంవత్సరం ఉంటుంది, 226:1975 అనీ 2062:2011 అనీ. నంబరు ఆ ప్రమాణం ఏదో చెబుతుంది, సంవత్సరం ఏ కూర్పో చెబుతుంది. సాఫ్ట్‌వేర్ మాన్యువల్లో ఒకచోట ‘తాజా వెర్షన్’ పేజీకి, ఇంకోచోట నిర్దిష్టమైన వెర్షన్ పేజీకి లింకులిచ్చి కలగాపులగం చేసేవాళ్లు ఈ సంవత్సరం పద్ధతిని గమనించాలి. అన్ని లింకుల్నీ ‘తాజా’ వైపు తిప్పడం చూడటానికి ఐక్యతే. కానీ పాత వెర్షన్ వాడుతున్న మనిషికి తన దగ్గర లేని మీట గురించి చదవాల్సి వస్తుంది.

కంప్యూటర్ రంగంలో కూడా తొలితరం వాళ్లు ఈ విషయం గ్రహించారు. ఇంటర్నెట్ నియమాలను చెప్పే ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు 1969 ఏప్రిల్‌లో ఒకటో నంబరుతో మొదలయ్యాయి. ఒకసారి వెలువడిన పత్రాన్ని దిద్దరు, దాని నంబరు ఇంకోదానికి ఇవ్వరు. వెబ్ నడిచే పద్ధతిని వివరించిన 2616వ పత్రం 1999లో వచ్చింది. 2014లో దాని స్థానంలో ఆరు కొత్త పత్రాలు వచ్చాయి, 2022లో మళ్లీ మారాయి. 2616 ఇప్పటికీ తన చోటనే ఉంది, తన స్థానంలో ఏవి వచ్చాయో సూచికలో దాని పక్కనే కనిపిస్తుంది. వెబ్‌ని సృష్టించిన టిమ్ బెర్నర్స్ లీ 1998లో చిరునామాలు మారకూడదని ప్రత్యేకంగా వ్యాసమే రాశాడు. పేజీ ఎక్కడికి వెళ్లిందో చెప్పే 301 అనే జవాబు, కావాలనే తీసేశామని చెప్పే 410 అనే జవాబు వెబ్ నియమాల్లోనే ఉన్నాయి. వాటిని వాడని బద్ధకం వల్లే అందరికీ పేజీ దొరకలేదనే 404 ఎదురవుతోంది. పైథాన్ భాష డాక్యుమెంటేషన్ కోసం 2008లో వచ్చిన స్ఫింక్స్ అనే పరికరం రైల్వే కోడ్ పద్ధతినే పాటిస్తుంది. ప్రతి విభాగానికీ మారని గుర్తు ఒకటి పెడతారు, లింకు ఆ గుర్తుకే ఇస్తారు, పాఠకుడికి కనబడే శీర్షికను పరికరం తనంతట తను అక్కడ నింపుతుంది. శీర్షిక మారిస్తే వంద చోట్లా అదే మారుతుంది, గుర్తు లేకపోతే పుస్తకం తయారయ్యేటప్పుడే హెచ్చరిక వస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఇదే దారిలో నడిచింది. భిలాయి అని రాసినా భిలాయ్ అని రాసినా ఒకే పేజీకి చేర్చగలిగే దారిమార్పు అనే పద్ధతి అక్కడ ఉంది. ఒకే పేరుతో పలు సంగతులున్నప్పుడు వాటిని వరసగా చూపే పేజీకి అయోమయ నివృత్తి అని పేరు.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. పాత పేర్లను మోయడం అంటే వలస పాలకుల తప్పుడు ఉచ్చారణల్ని కాపాడటమే కదా అంటారు. బోర్డు మీద ఉండే పేరు విషయంలో ఆ మాటని పూర్తిగా ఒప్పుకుంటాను. విజయవాడ విజయవాడే, కడప కడపే. కానీ కోడ్‌లో నిద్రపోయే మూడక్షరాలు ఎవరినీ అవమానించవు, పాత కాగితాన్ని ఇప్పటి ఊరితో కలుపుతాయి. ఇప్పుడు వెతికే యంత్రాలు, అడిగితే జవాబు చెప్పే ప్రోగ్రాములు వచ్చాయి, దారులు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమేముంది అని ఇంకొందరు అంటారు. 9వ నంబరు రహదారి ఉదాహరణే దానికి జవాబు. యంత్రం చూపేది ఈనాడు ఆ అంకె దేనికి ఉందో అది. 2008లో దేనికి ఉండేదో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉంటేనే అది కూడా చెప్పగలదు. మూడో అభ్యంతరం పనిచేసేవాళ్ల నుంచి వస్తుంది, దాన్ని నేను ఎక్కువ గౌరవిస్తాను. పాత చిరునామాల పట్టిక పెరుగుతూనే పోతుంది, దాన్ని ఎవరు చూసుకుంటారు, చివరికి అదే ఒక చెత్తకుప్ప కాదా? భారం నిజమే. కానీ దారిమార్పుకి ఒక్క వరుస చాలు, దాన్ని రాయాల్సింది మార్పు చేసేవాడు, చేసిన రోజునే. ఆ ఒక్క వరుస రాయనప్పుడు అదే భారం ముక్కలై వేలమంది పాఠకుల మీద పడుతుంది, వాళ్లలో ఎవరికీ జవాబు తెలియదు.

పేరు తెగితే పోయేది సౌకర్యం ఒక్కటే కాదు. 1992 జూలై 1న పవర్ హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేనుమందికి పైగా చనిపోయారు. అంతకు తొమ్మిది నెలల ముందే వాళ్ల నాయకుడు శంకర్ గుహా నియోగీని భిలాయిలో కాల్చి చంపారు. ఆ రోజుని కొందరు భిలాయి కాల్పులని రాశారు, కొందరు పవర్ హౌస్ కాల్పులని రాశారు. అప్పటికి అది మధ్యప్రదేశ్, 2000 నవంబర్ 1 నుంచి ఛత్తీస్‌గఢ్. ఇన్ని పేర్లలో ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా మిగతావి దొరికేలా ఉంటేనే, చనిపోయినవాళ్ల గురించి చదవాలనుకున్న మనిషి చదవగలుగుతాడు. రేపు ఎవరైనా ఆ స్టేషన్‌కి కొత్త పేరు పెట్టవచ్చు. ఆ రోజు పాత పేరుని పట్టికలోంచి తీసేస్తే ఆ కాగితాలకు తోవ మూసుకుపోతుంది.

తెలుగు నేల మీద ఇదే ప్రమాదం ఇప్పుడు జరుగుతోంది. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, తరవాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త పేర్లు వచ్చిన చోట చిక్కు తక్కువ. పాత పేరే చిన్న ప్రాంతానికి మిగిలిన చోట చిక్కు ఎక్కువ. 2021లో తూర్పు గోదావరి జిల్లా అంటే కాకినాడ ముఖ్యపట్టణంగా ఉన్న పెద్ద జిల్లా, ఇప్పుడు అదే పేరు రాజమహేంద్రవరం ముఖ్యపట్టణంగా ఉన్న చిన్న జిల్లాది. కాకినాడ అందులో లేదు. ఐదో నంబరు రహదారికి జరిగిందే ఈ జిల్లాకీ జరిగింది. పాత వ్యాసాల్లోని వర్షపాతం లెక్కలు, పంట దిగుబడులు, జనాభా అంకెలు అన్నీ ఆ పేరు కిందే ఉన్నాయి, కొత్తవి కూడా అదే పేరు కిందే చేరుతున్నాయి. తెలుగులో వ్యాసం, నివేదిక, సాఫ్ట్‌వేర్ సహాయ పుస్తకం, ఏది రాసేవారైనా జిల్లా పేరు రాసినప్పుడు పక్కన ఏ సంవత్సరపు జిల్లానో వేయండి. పేజీ పేరు మార్చినవారు పాత పేరు నుంచి కొత్తదానికి ఒక దారిమార్పు అదే రోజున పెట్టండి.